తమ్ముడి చేతిలో పెట్టిన ఓటు

మా అత్తగారు ముప్పై రెండేళ్ళు మండల పరిషత్ ఆఫీసుల్లో పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. అన్నేళ్ళలోనూ ఏ ఎలక్షన్ వచ్చినా ఆవిడకి డ్యూటీ పడింది. పంచాయతీ అయినా పార్లమెంటు అయినా, బ్యాలట్ పెట్టెలతో పాటు లారీ ఎక్కి, ఏదో ఊరి బడి వరండాలో చాప పరుచుకుని పడుకుని, తెల్లారేసరికి బూత్ తయారు చేసిన మనిషి. అలాంటి మనిషి ఆరు నెలలుండి వెళ్దామని బే ఏరియాలో మా అపార్ట్‌మెంట్‌కి వచ్చారు. వంట నేను చెయ్యనివ్వలేదు, టీవీ ఆవిడ చూడరు. వారం తిరిగేసరికి ఆవిడకొక పని దొరికింది. రోజూ సాయంత్రం కిందికి దిగి మెయిల్‌బాక్సుల దాకా వెళ్ళి, తాళం తీసి చూసి రావడం.

"మనకి ఉత్తరాలెవరు రాస్తారు అత్తయ్యగారూ, అన్నీ ఈమెయిలే కదా," అంటే, "తపాలా అన్నాక రోజూ చూడాలమ్మా. అది పద్ధతి," అనేవారు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి కారు పార్క్ చేస్తుంటే, మెయిల్‌బాక్సుల పక్కన ఉన్న రీసైక్లింగ్ డబ్బా మూత మీద రంగురంగుల కాగితాలు పరుచుకుని ఇద్దరు ఆడవాళ్ళు వంగి చూస్తున్నారు. ఒకరు మా అత్తగారు. రెండో ఆవిడ కూడా మనలాగే చామనచాయ. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, పువ్వుల గౌను మీద స్వెటర్ వేసుకుంది. తమిళావిడేమో అనుకున్నాను.

"అమ్మాయ్, ఇలా రా," అని పిలిచారు మా అత్తగారు. "ఇవి ఎలక్షన్ కాగితాలే కదూ? ఈవిడ కవరు విప్పుతుంటే చూసి నేనే చెప్పాను. ఎలా తెలిసిందీ అని ఈవిడ ఒకటే ఆశ్చర్యం."

కాగితాలు ఫ్రెంచిలో ఉన్నాయి. ఒక్కోదాని మీద వరసలు వరసలుగా నవ్వుతున్న మొహాలు, వాటి కింద అంకెలు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మా అత్తగారికి కూడా కాలేదు. కానీ ఓటు అడిగే ఆ నవ్వు ఏ దేశంలోనైనా ఒకటేనట. ఆవిడే అన్నారు.

ఆ పెద్దావిడది రీయూనియన్ దీవి. హిందూ మహాసముద్రంలో, మడగాస్కర్ పక్కన ఉంటుంది. ఉన్నది ఆఫ్రికా పక్కనైనా అది ఫ్రాన్స్‌లో ఒక జిల్లా. ఆవిడ అక్కడొక ఊళ్ళో మేయర్ ఆఫీసులో జనన మరణాల రిజిస్టర్లు చూసే గుమాస్తాగా ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయింది. కూతురు ఇక్కడ కంప్యూటర్ చిప్‌ల కంపెనీలో ఇంజనీరు. మనవరాలు పుడితే మూడు నెలలు సాయం ఉండడానికి వచ్చింది. ఊళ్ళో మునిసిపల్ ఎన్నికలు వస్తున్నాయని స్నేహితురాలెవరో ప్రచార కాగితాలన్నీ కవర్లో పెట్టి పంపింది. కూతురి ఫ్రెండ్స్ అందరూ ఆమెని మదామ్ అంటారు. మేమూ అలాగే పిలిచాం. మా అత్తగారు మాత్రం రెండో రోజుకే "వదినగారూ" అనడం మొదలుపెట్టారు. దాని అర్థమేమిటో చెబితే మదామ్ కాసేపు ఆలోచించి, "ఎవరి అన్నకి?" అని అడిగింది.

వాళ్ళిద్దరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకునేవారు. మదామ్‌ది పుస్తకం చూసి నేర్చుకున్న ఇంగ్లీషు, మా అత్తగారిది ఫైళ్ళ ఇంగ్లీషు. ఇద్దరూ మెల్లగా, ఒక్కో మాటా పేర్చుకుంటూ మాట్లాడతారు. ఆఫీసులో రోజంతా గడగడా మాట్లాడే నేను వాళ్ళ మధ్య కూర్చుంటే నాకే అర్థమయ్యేది కాదు. ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

మదామ్ పూర్వీకులు చెరకు తోటల్లో పనికి ఇండియా నుంచి వెళ్ళినవాళ్ళని తెలిసిన రోజు మా అత్తగారి సంబరం చూడాలి. ఆవిడది కాకినాడ. పక్కనే యానాం, అక్కడా ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళే కదా. "మీవాళ్ళు యానాం రేవులోనే ఓడ ఎక్కి ఉంటారు. అయితే మీరు మావాళ్ళే," అన్నారు. మదామ్ తల అడ్డంగా ఊపింది. రిజిస్టర్లు చూసే మనిషి కదా, తన వంశం కాగితాలన్నీ ఎప్పుడో వెతికి పెట్టుకుంది. "కారైకాల్," అంది. అదీ ఒకప్పటి ఫ్రెంచి రేవే, కానీ తమిళనాడు వైపుది. మా అత్తగారు ఆ రోజంతా కొంచెం ముభావంగా ఉన్నారు.

మధ్యాహ్నాలు స్విమ్మింగ్ పూల్ పక్కన బెంచీ మీద, పాపని స్ట్రోలర్‌లో పడుకోబెట్టుకుని, ఇద్దరూ ప్రభుత్వాలు పోల్చుకునేవారు. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో లాప్‌టాప్ పట్టుకుని నేనూ వెళ్ళి కూర్చునేదాన్ని. మా ఆరేళ్ళ అమ్మాయి బొమ్మల కాగితం వెనకవైపు మదామ్ ఒక గుండ్రటి దీవి గీసింది.

"అన్నిటికంటే పైన ప్రిఫెక్ట్. ప్యారిస్ నుంచి వేస్తారు. మేము ఎన్నుకోం."

"కలెక్టరు," అని మా అత్తగారు దాని పక్కన తెలుగులో రాశారు.

"వస్తాడు, సముద్రం చూస్తాడు, మా కూర రుచి అలవాటయ్యేలోపు బదిలీ అయిపోతాడు."

"కలెక్టరే," అన్నారు మా అత్తగారు, ఆ మాట కింద గీత గీసి.

"తర్వాత రెండు కౌన్సిళ్ళు. రెండూ మేము ఎన్నుకున్నవే. ఒకటి జిల్లాకి, ఇంకొకటి ప్రాంతానికి."

"జిల్లా ఎంత మేర? ప్రాంతం ఎంత మేర?"

"రెండూ ఒకటే. ఈ దీవే."

మా అత్తగారు పెన్ను కింద పెట్టేశారు. "ఒకే దీవికి రెండు జిల్లా పరిషత్తులా? ఇద్దరు చైర్మన్లా?"

"ఒకటి చంటిపిల్లల్నీ ముసలివాళ్ళనీ చూస్తుంది. ఇంకొకటి పెద్ద రోడ్లూ పెద్ద బడులూ వ్యాపారాలూ చూస్తుంది."

"అయితే ఫైలు ఎవరి దగ్గర ఆగిపోయిందో ఎవరికీ తెలియదన్నమాట."

ఆ మాటకి మదామ్ నవ్విన నవ్వుకి స్ట్రోలర్‌లో పాప లేచి ఏడ్చింది. పాపని ఎత్తుకుని ఊపుతూనే మిగతాది చెప్పింది. అక్కడి నుంచి ప్యారిస్ పార్లమెంటుకి ఏడుగురు ఎంపీలు వెళతారు, పెద్దల సభకి నలుగురు. విమానంలో పదకొండు గంటలు. ఊరికి మేయర్ ఉంటాడు, కానీ జనం నేరుగా మేయర్‌కి ఓటు వెయ్యరు. ఒక జాబితాకి వేస్తారు. జాబితాలో ఒక ఆడ, ఒక మగ, మళ్ళీ ఒక ఆడ, అలా వరసగా ఉండి తీరాలి. గెలిచిన సభ్యులు కూర్చుని మేయర్‌ని ఎన్నుకుంటారు.

"మా ఎంపీపీ ఎన్నికా అంతే," అన్నారు మా అత్తగారు. "కాకపోతే మావాళ్ళని ఎన్నిక దాకా రిసార్టులో పెట్టి తాళం వేస్తారు." రిసార్టు సంగతి మదామ్‌కి నేనే వివరించాల్సి వచ్చింది.

ఊళ్ళో పెళ్ళిళ్ళు మేయరే చేస్తాడని, భుజం మీంచి అడ్డంగా మూడు రంగుల పట్టీ కట్టుకుని నిలబడి చట్టంలో ముక్కలు చదువుతాడని, అది అయ్యాకే గుడీ చర్చీ అని తెలిసినప్పుడు మా అత్తగారు, "మా సర్పంచుల్లో ఒకరిద్దరిని ఆ పట్టీలో చూడాలని ఉంది," అన్నారు.

ఒకరోజు నేనే అడిగాను. "అంత దూరం నుంచి పాలిస్తుంటే, మీకు వేరే దేశం కావాలనిపించదా?"

మదామ్ స్ట్రోలర్‌లో పాప దుప్పటి సర్దింది. "మా నాన్న చెరకు కొట్టేవాడు. ఆయనకి సంతకం రాదు. మేము జిల్లా అయ్యాక బడి వచ్చింది, ఆసుపత్రి వచ్చింది. ఆ బడిలో చదివి నేను అందరి పేర్లూ రాసే ఉద్యోగం చేశాను. అది మర్చిపోలేను. అన్నీ ఓడలో రావాలి, అన్నీ ఖరీదు, ప్యారిస్‌లో వాళ్ళు మ్యాపులో మమ్మల్ని ఒక మూల చిన్న డబ్బాలో గీస్తారు. అదీ మర్చిపోలేను. రెండూ మనసులో పెట్టుకుని ఓటేస్తాను." తర్వాత నా వైపు తిరిగింది. "నీకెక్కడ ఓటు?"

నాకెక్కడా లేదు. ఇరవై రెండేళ్ళకి ఎమ్మెస్‌కి వచ్చాను. ఇండియాలో ఉన్నప్పుడు హాస్టళ్ళలో ఉండి పేరు నమోదు చేయించుకోలేదు. ఇక్కడ హెచ్-వన్‌బీ, గ్రీన్ కార్డు క్యూ. క్యూ కదలదు. పద్నాలుగేళ్ళుగా టాక్స్ కడుతున్నాను, ఎలక్షన్ వస్తే పక్క వీధి ఇళ్ళ ముందు గడ్డిలో పాతిన ప్రచార బోర్డులు చదువుకుంటూ వాకింగ్ చేస్తాను. ఆ సంగతి చెబుతుంటే మా అత్తగారు అన్నారు, "మా ఇంట్లో ఒక్కసారైనా ఓటెయ్యని మనిషివి నువ్వొక్కదానివేనమ్మా."

తిట్టినట్టు కాదు, రిజిస్టరులో ఖాళీ చూసి చెప్పినట్టు అన్నారు. అయినా నాకు కళ్ళు మండాయి. మీటింగ్ ఉందని అబద్ధం చెప్పి పైకి వెళ్ళిపోయాను.

ఆ వారంలోనే మదామ్ ఓటు సమస్య బయటపడింది. పోలింగ్ నాటికి ఆమె ఇక్కడే ఉంటుంది. పద్దెనిమిదేళ్ళ వయసు నుంచీ ఒక్క ఎన్నికా తప్పలేదట. ఇలా ఊళ్ళో లేనివాళ్ళు అక్కడ తమ బదులు ఇంకొకరు ఓటేసేలా రాసివ్వొచ్చు. దానికి శాన్‌ఫ్రాన్సిస్కోలో వాళ్ళ దేశం కాన్సులేట్‌కి స్వయంగా వెళ్ళాలి. కూతురు ఆఫీసు పని మీద వేరే రాష్ట్రం వెళ్ళింది, అల్లుడు పాప దగ్గర ఉండాలి. నేను తీసుకెళ్తానన్నాను.

మా అత్తగారికి అసలు ఆ పద్ధతే నచ్చలేదు. "ఒకరి ఓటు ఇంకొకరు వెయ్యడమా? దానికోసమే కదమ్మా మేము వేలికి సిరా పూసేది! మా దగ్గర ప్రాక్సీ అంటే మిలిటరీలో ఉన్నవాళ్ళకే."

"చట్టంలో ఉంది," అంది మదామ్.

"చట్టంలో ఉంటే ఉండనీ. లోపలికి వెళ్ళి ఆ మనిషి ఎవరికి వేశాడో మీకెలా తెలుస్తుంది?"

"తెలియదు," అంది మదామ్. "తెలుసుకునే వీలు లేదు."

సరిగ్గా అదే ఆమె చిక్కు. ఆమె ఓటెయ్యాలనుకుంటున్నది కొత్త జాబితాకి. ఒక బడి పంతులమ్మ మొదటిసారి నడుపుతున్న జాబితా అది. ఎప్పుడైనా అవసరమైతే తన ఓటు వెయ్యగల స్నేహితురాలు తుంటి ఎముక విరిగి మంచం మీద ఉంది. బంధువుల పిల్లలు మంచివాళ్ళే, కానీ ఆదివారం అంటే సముద్రం ఒడ్డున వంటలు చేసుకుంటారు, ఓటు సంగతి సాయంత్రం గుర్తొస్తుంది. ఇంక మిగిలింది తమ్ముడు. ఆయన పోలింగ్ రోజు స్కూలు గేటు తీయకముందే వెళ్ళి నిలబడే మనిషి. కానీ ఆరేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. కిందటి మునిసిపల్ ఎన్నికల్లో ఆయన ఒక జాబితాలో నిలబడ్డాడు. ఆదివారం భోజనాల దగ్గర, "నాకే వేశావు కదక్కా?" అని అడిగితే, మదామ్ అబద్ధం చెప్పలేక "లేదు" అంది. ఆ జాబితా కొద్ది ఓట్లతో ఓడింది. ఆయన కంచం పక్కకి నెట్టి లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు. ఈసారి పోటీలో లేడు కానీ అదే పక్షం తరఫున ఇల్లిల్లూ తిరుగుతున్నాడట.

శుక్రవారం పొద్దున నేను సెలవు పెట్టి ఇద్దరినీ కారెక్కించుకున్నాను. మా అత్తగారు పట్టుచీర కట్టుకున్నారు. గవర్నమెంటు ఆఫీసుకి వెళుతున్నాం కదా అని. టూ-ఎయిటీ హైవే మీద కొండల వెంట వెళుతుంటే వర్షం వెలిసి అంతా పచ్చగా ఉంది. మదామ్ ఏమీ చూడలేదు. ఒళ్ళో పాస్‌పోర్టూ, నింపాల్సిన ఫారం కాపీ పట్టుకుని కూర్చుంది. తన బదులు ఓటేసే మనిషి పేరు, పుట్టిన తేదీ రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది.

కాన్సులేట్‌లో మా వంతు రావడానికి ఇంకా టైముంది. కుర్చీల్లో కూర్చున్నాం. "బంధువుల అమ్మాయి పేరు రాసేస్తాను," అంది మదామ్. పెన్ను తీసింది. రాయలేదు.

అప్పుడు మా అత్తగారు, తన మాటలన్నీ ముందుగానే కూడదీసుకున్నట్టు, నెమ్మదిగా మొదలుపెట్టారు.

"వదినగారూ, ప్రాక్సీ తప్పన్నాను కదా. మొన్నటి నుంచీ నాకొకటి గుర్తుకొస్తోంది. ఒకసారి తాండవ నది దగ్గర ఒక ఊళ్ళో నాకు డ్యూటీ. కళ్ళు కనపడని ముసలాయన వచ్చాడు. అలాంటివాళ్ళు తోడుగా ఒకరిని లోపలికి తెచ్చుకోవచ్చు, ఆ మనిషే మీట నొక్కుతారు. ఆయన కోడలిని తెచ్చుకున్నాడు. ఇంకేముంది, ఏజెంట్లు లేచారు. ఆ కోడలి పుట్టింటివాళ్ళు అవతలి పార్టీ అట, మామకీ కోడలికీ పడదని ఊరంతా తెలుసట, ఇద్దరూ మాట్లాడుకోరట. 'మేడమ్, ఆ పిల్ల ఇంకోటి నొక్కుతుంది, ఒప్పుకోవద్దు' అని ఒకటే గోల. నేను ముసలాయన్ని అడిగాను. ఏం తాతా, ఇంకెవరినైనా పిలుచుకుంటావా అని. ఆయన అన్నాడూ, 'నొక్కితే నొక్కనివ్వమ్మా. రోజూ నాకు అన్నం పెట్టేది ఆ చెయ్యే కదా. అది ఏనాడూ అందులో రాళ్ళు కలపలేదు' అని."

"తర్వాత?" అంది మదామ్.

"తర్వాతేముంది, ఇద్దరూ లోపలికి వెళ్ళారు, మీట మోగింది, వచ్చేశారు. ఆ పిల్ల ఏడుస్తూ వచ్చింది. ఏది నొక్కిందో నాకు తెలియదు. కానీ ఆయన చెప్పినదే నొక్కిందని ఇప్పటికీ నా నమ్మకం."

ఆవిడ ఈ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. నేనూ కోడలినే. ఆవిడకి పొద్దున్నే కాఫీ కలిపి ఇచ్చే చెయ్యి నాది. ఆవిడ నా వైపు చూడలేదు, గోడ మీద గడియారం వైపు చూస్తూ కూర్చున్నారు. నాకు మాత్రం మొన్న పూల్ దగ్గర అన్న మాట తాలూకు మంట అక్కడే చల్లారిపోయింది.

మదామ్ ఫారం మోకాలి మీద పెట్టుకుని తమ్ముడి పేరు రాసింది. పుట్టిన తేదీకి ఆలోచించనవసరం లేకపోయింది. ఆ తేదీన తను ఎనిమిదేళ్ళ పిల్ల, మంత్రసానికి వేడినీళ్ళు మోసింది తనే.

కిటికీలో కూర్చున్న అమ్మాయి పాస్‌పోర్టు చూసి, సంతకం చేయించుకుని, ముద్ర వేసి, ఒక్క మాట చెప్పింది. ఎవరి పేరు రాశారో వాళ్ళకి ఆ విషయం మీరే చెప్పుకోవాలి, మేము చెప్పం.

ఆ మాట విని మదామ్ మొహం పాలిపోయింది. తమ్ముడి పేరు రాయడం వరకే ఆమె ధైర్యం. మాట్లాడే సంగతి ఆలోచించలేదు.

నాలుగు రోజులు గడిచాయి, అయిదు గడిచాయి. మా అత్తగారు రోజూ అడిగేవారు, "చెప్పారా?" అని. మదామ్ పాపకి జలుబని ఒకరోజు, అక్కడ ఫోన్లు పనిచెయ్యడం లేదని ఒకరోజు చెప్పేది. శనివారం పొద్దున మా అత్తగారు ఇడ్లీ తినడానికి రమ్మని ఆమెని మా ఇంటికి పిలిచారు. తినడం అయ్యాక కంచం తీసి, దాని చోట మదామ్ ఫోన్ పెట్టారు.

"ఇక్కడ పొద్దున అయితే అక్కడ సాయంత్రం. ఇంట్లోనే ఉంటాడు. చెయ్యండి."

"ఎత్తడు."

"ఎత్తకపోతే అప్పుడు చూద్దాం."

రెండోసారి మోగగానే ఎత్తాడు. స్పీకర్‌లో ఉంది కానీ వాళ్ళ భాష మాకు రాదు. మదామ్ గొంతు ముందు చాలా గట్టిగా, ఆఫీసులో మాట్లాడినట్టు వచ్చింది. ఒక వాక్యం. అవతల నిశ్శబ్దం. ఇంకో వాక్యం. మళ్ళీ నిశ్శబ్దం. అంతసేపు ఎవరూ మాట్లాడకపోయేసరికి కట్ అయిందేమోనని నేను ఫోన్ వైపు చూశాను. సెకన్లు నడుస్తూనే ఉన్నాయి. అప్పుడు ఆ మగ గొంతు బొంగురుగా ఏదో నాలుగు మాటలు అడిగింది. మదామ్ జవాబు చెప్పింది. ఫోన్ పెట్టేసి రెండు చేతులతో మొహం కప్పుకుంది.

మా అమ్మాయి బెడ్‌రూంలోంచి వచ్చి చూసి, "నానమ్మా, ఆ గ్రానీ ఎందుకు క్రై చేస్తుంది?" అంది.

"ఏమన్నాడు?" అని అడిగాను.

"నా ఓటు నీ పేరు మీద రాశాను అన్నాను. ఏ జాబితాకి అన్నాడు. చెప్పాను, ఆ పంతులమ్మది అని. అప్పుడు చాలాసేపు ఊరుకున్నాడు కదా. తర్వాత..." మదామ్ ముక్కు తుడుచుకుంది. "ఎన్నింటికి వెళ్ళమంటావక్కా, అన్నాడు."

పోలింగ్ ఆదివారం మాకు తెల్లవారేసరికి అక్కడ ముగింపుకి వచ్చింది. మదామ్, ఆమె కూతురు, పాప అందరూ మా ఇంట్లోనే ఉన్నారు. తమ్ముడే వీడియో కాల్ చేశాడు. వెనక స్కూలు ఆవరణ, జెండా. లావుపాటి మనిషి, బుగ్గ మీసాలు, చెమటలు కక్కుతున్నాడు. మదామ్ మాకు చెబుతూ వచ్చింది. వాళ్ళ దగ్గర కవరు పెట్టెలో వెయ్యగానే అధికారి పైకి "ఓటేశారు" అని గట్టిగా అంటాడు. తనకి ఒకసారి, అక్కకి ఒకసారి, రెండుసార్లు అన్నాడట. అక్క పేరుతో అన్నప్పుడు, ఊళ్ళో వాళ్ళ సంగతి తెలిసిన వరసంతా తిరిగి చూసిందట.

ఫోన్ పెట్టాక మా అత్తగారు ఆగలేకపోయారు. "ఎవరికి వేశాడో అడగలేదే మీరు?"

"అడగకూడదు," అంది మదామ్. "ఓటు రహస్యం కదా."

"ఎవరి ఓటు? అది మీ ఓటు!"

"అవును. అయినా అడగను."

మా అత్తగారు నవ్వారు. "మంచి ప్రిసైడింగ్ ఆఫీసరయ్యేవారు మీరు," అన్నారు. ఆవిడ నోట అంతకన్నా పెద్ద మెప్పు నేను వినలేదు.

ఆ ఆదివారం ఎవరికీ సగానికి పైగా ఓట్లు రాలేదు. వాళ్ళ పద్ధతిలో మళ్ళీ వారానికి రెండో విడత జరుగుతుంది. తమ్ముడు మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ రెండుసార్లు ఓటేశాడు. ఈసారి లెక్కింపుకి కూడా కూర్చున్నాడు. అక్కడ కవర్లు విప్పి లెక్కపెట్టేది సిబ్బంది కాదు, ఊళ్ళో ఓటర్లే స్వచ్ఛందంగా బల్లల చుట్టూ కూర్చుని, చూడవచ్చిన వాళ్ళందరి ఎదుటా లెక్కపెడతారు. అది విన్నప్పుడు, లెక్కింపు కేంద్రం చుట్టూ పోలీసుల మూడు వలయాలు దాటి వెళ్ళిన మా అత్తగారు, "ఎంత ధైర్యమో!" అన్నారు.

పంతులమ్మ జాబితా ఓడిపోయింది. తమ్ముడి పక్షమే గెలిచింది. నేను మదామ్‌ని ఎలా ఓదార్చాలా అని చూస్తుంటే ఆమె వేళ్ళ మీద ఏదో లెక్కిస్తోంది. గెలిచిన జాబితాకి సగం సీట్లు ముందే పోతాయట. మిగతా సగం వచ్చిన ఓట్లని బట్టి అందరికీ పంచుతారట. ఆ లెక్కన పంతులమ్మా, ఆమెతో పాటు మరికొందరూ కౌన్సిల్లో కూర్చుంటారు.

"ఓడినవాళ్ళకీ కుర్చీలు వేస్తారా!" అన్నారు మా అత్తగారు.

"వెయ్యాలి కదా. ఓటేసినవాళ్ళు ఎక్కడికి పోతారు? ఊళ్ళోనే ఉంటారు," అంది మదామ్.

తర్వాత మంగళవారం తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడట. ఎన్నికల ఊసే లేదు. దీవిలోని అగ్నిపర్వతం మీద పొగ కనిపిస్తోందనీ, అక్క ఇంటి కప్పు మీద రేకు గాలికి లేస్తుంటే ఎక్కి మేకులు కొట్టాననీ చెప్పాడట. అంటే ఆ గడప తొక్కాడన్నమాట. ఆ మాట చెప్పడానికి మదామ్ రెండంతస్తులు ఎక్కి, ఆయాసపడుతూ, స్లిప్పర్లతోనే మా ఇంట్లోకి వచ్చేసింది. మా అత్తగారు చెప్పులు విప్పమని కూడా అనలేదు.

ఏప్రిల్లో మదామ్ వెళ్ళిపోయింది. మేలో మా అత్తగారూ వెళ్ళారు. వెళ్ళేముందు ఒక శనివారం నన్ను లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టారు. విదేశాల్లో ఉన్న భారతీయులు పాస్‌పోర్టులో ఉన్న అడ్రసు మీద ఓటరుగా నమోదు కావచ్చు. ఆ ఫారం గురించి నాకు తెలియకపోలేదు. ఓటెయ్యాలంటే మాత్రం మనిషి అక్కడికి వెళ్ళి తీరాలి. అందుకే ఎప్పుడూ, ఎందుకులే అనుకున్నాను.

"అంత దూరం ఓటు కోసం వెళ్ళగలనా అత్తయ్యగారూ? వీసా స్టాంపింగ్‌లో ఇరుక్కుంటే జాబ్ పోతుంది," అన్నాను.

"వెళ్ళడం తర్వాత సంగతి. ముందు జాబితాలో ఉండు. పేరుంటేనే కదా ఎవరైనా పిలిచేది."

నా పాస్‌పోర్టులో ఉన్నది కాకినాడలో వాళ్ళ ఫ్లాట్ అడ్రసే. ఆవిడ ఒక్కో గడీ చదివి, సరిగా ఉందో లేదో చూసి, తప్పు పడిన పిన్‌కోడ్ దిద్దించి, అప్పుడు సబ్మిట్ చెయ్యనిచ్చారు.

రెండు నెలల తర్వాత ఆఫీసులో లంచ్ టైములో వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. మా అత్తగారి వార్డు ఓటర్ల జాబితా, చివరి పేజీ. అన్ని పేర్లూ అయిపోయాక, ప్రవాస ఓటర్లు అన్న శీర్షిక కింద ఒకే ఒక్క పేరు. నా పేరు, నా వయసు, భర్త పేరు. ఆవిడ ఆ వరస పక్కన పెన్సిలుతో టిక్ పెట్టారు, బూత్‌లో పెట్టినట్టు.

ముప్పై ఏడేళ్ళు నాకు. కేఫెటేరియాలో సాంబారు చల్లారిపోతుంటే ఆ ఫొటోని పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్ళీ పెద్దది చేసి చూసుకున్నాను. సాయంత్రం మావారితో అన్నాను, వచ్చే ఎన్నికలకి ముందే లీవ్ అప్లై చేస్తానని, వీసా సంగతి లాయర్‌ని ఇప్పుడే అడుగుదామని.

"ఒక్క ఓటుకి అంత ప్రయాణమా?" అన్నారాయన.

"అవును," అన్నాను. అని, లాయర్‌కి ఈమెయిల్ మొదలుపెట్టాను.